ఏసీ మూత తీస్తే: వేడి పోయే దారి వెంట

స్ప్లిట్ ఏసీ ముందు మూత ఎత్తడానికి పనిముట్లేమీ అక్కర్లేదు. రెండు పక్కలా వేళ్లు దూర్చి పైకి లాగితే పలక లేస్తుంది. లోపల కనిపించేది చూసి చాలామంది నిరాశపడతారు. రెండు ప్లాస్టిక్ జాలీలు, వాటి వెనక దగ్గరదగ్గరగా నిలబెట్టిన పల్చటి అల్యూమినియం రేకులు, అడుగున పొడుగాటి బ్లోవర్, కుడి మూలన ఒక బోర్డు, అంతే. వేలకు వేలు పోసి కొన్న చల్లదనం ఇందులో ఎక్కడ తయారవుతోందని వెతికితే దొరకదు. అలాంటి చోటు ఇందులో లేనే లేదు. గదిలోని వేడిని పట్టుకుని గోడ అవతలికి చేరవేసే ఏర్పాటు మాత్రమే ఉంది.

టన్ను, గ్యాసు, స్టార్, ఇన్వర్టర్, 18లో పెట్టాలా 24లో పెట్టాలా... ఏసీ చుట్టూ మన ఇళ్లలో నడిచే ఈ మాటలన్నీ దేనికది విడివిడి సంగతిలా వినిపిస్తాయి. షోరూములో ఒకటి చెబుతారు, మెకానిక్ మరొకటి చెబుతాడు, ప్రభుత్వ ప్రకటనలు ఇంకోటి చెబుతాయి. నాకు మాత్రం ఇవన్నీ ఒకే ప్రశ్నకు ముక్కలుగా కనిపిస్తాయి: వేడి ఎక్కడ బయల్దేరి, దేని సాయంతో, ఎక్కడికి పోతోంది? ఆ దారి వెంట ఒకసారి నడిస్తే ఎవరి మాట ఎంతవరకు నిజమో మనమే తేల్చుకోవచ్చు.

ముందు ఫిల్టర్. మామూలు జాలీ దుమ్మును ఆపుతుంది. పొగనూ వాసననూ క్రిములనూ ఆపదు. అంతకన్నా పెద్ద అపోహ ఒకటుంది, ఏసీ బయటి గాలిని లోపలికి తెస్తుందని. ఇళ్లలో పెట్టుకునే మామూలు స్ప్లిట్ ఏసీకి బయటి గాలితో సంబంధం లేదు. గోడకు కొట్టిన కన్నంలోంచి వెళ్లేవి రెండు రాగి పైపులు, కరెంటు తీగ, నీటి గొట్టం. పైనుంచి గది గాలినే పీల్చి, రేకుల మధ్యగా లాగి, కిందినుంచి అదే గదిలోకి వదులుతుంది. కిటికీలు బిగించుకుని నలుగురు పడుకున్న గదిలో తెల్లారేసరికి తల బరువెక్కితే నింద ఏసీ మీద పడుతుంది. వాళ్లు వదిలిన ఊపిరే రాత్రంతా ఆ గదిలో తిరిగిందన్నది ఎవరికీ తట్టదు. మధ్యలో కాసేపు తలుపు తీయడమే దానికి మందు.

ఫిల్టర్ వెనకున్న రేకుల దొంతరే కాయిల్. రాగి గొట్టం అటూ ఇటూ మెలికలు తిరుగుతూ ఆ రేకులను గుచ్చుకుంటూ పోతుంది. వేడిని ఇచ్చిపుచ్చుకోవడంలో గాలి మహా పిసినారి. గొట్టం ఒక్కటే ఉంటే దానికి తగిలే గాలి ఎంత? అందుకే వందల రేకులు తొడిగి గాలికి తగిలే ఉపరితలాన్ని ఎన్నో రెట్లు పెంచారు. ఏసీ బాగా నడుస్తున్నప్పుడు ఈ కాయిల్ సుమారు 10 డిగ్రీల దగ్గర ఉంటుంది. గది గాలి దాన్ని రాసుకుంటూ పోయి, పది పన్నెండు డిగ్రీల వేడి అక్కడ వదిలి, బ్లోవర్ గుండా మనమీదికి వస్తుంది.

కాయిల్ దగ్గర రెండు చిన్న సెన్సర్లుంటాయి. ఒకటి లోపలికి వచ్చే గాలి వేడిని చూస్తుంది, రెండోది రాగి గొట్టానికి ఆనుకుని దాని వేడిని చూస్తుంది. మనం రిమోట్‌లో 24 అని పెట్టినప్పుడు ఏసీ చూసేది మొదటి సెన్సర్‌ను. అది పైకప్పుకు దగ్గరగా, గోడమీద ఉంటుంది, మన మంచం దగ్గర కాదు. ఒకే 24 ఒక గదిలో వణికిస్తుంది, ఇంకో గదిలో చాలదు. ఈ తేడాకి ఈ సెన్సర్ ఉన్న చోటు కూడా ఒక కారణం.

ఇక నీళ్లు. అవుట్‌డోర్ పక్కన గొట్టంలోంచి కారే నీళ్లను చూసి ఏసీలో నీళ్లు పోస్తారేమో అనుకునే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ నీళ్లు గది గాలిలోవే. కాయిల్ 10 డిగ్రీల దగ్గర ఉంటే, గాలిలోని తేమ దానిమీద చెమర్చి, కింది ట్రేలోకి జారి, గొట్టంలో పడుతుంది. ఏసీ చేసే పనిలో ఇది చిన్న వాటా కాదు. ఒక లీటరు నీటి ఆవిరి మళ్లీ నీరు కావాలంటే 2,400 కిలోజౌళ్లకు పైగా గుప్తోష్ణం దాన్నుంచి లాగేయాలి. అంటే ఒక యూనిట్ కరెంటులో ఉండే శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు. ఉక్కపోత రోజున ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు రెండు లీటర్లు తీసిందనుకుంటే, దాని మొత్తం శక్తిలో పావువంతు ఆ తేమ మీదే ఖర్చయిందన్నమాట. గాలి చల్లబడటానికి మిగిలింది ముప్పావే.

విశాఖపట్నానికీ హైదరాబాదుకీ తేడా ఇక్కడ తెలుస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం హైదరాబాదులో 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉందనుకోండి. ఆ గాలిని సుమారు 13 డిగ్రీలకు దింపితే గాని అందులోంచి నీటి చుక్క రాదు. విశాఖలో 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే 28 డిగ్రీల దగ్గరే చెమర్చడం మొదలవుతుంది. థర్మామీటర్ చూస్తే విశాఖే నయమనిపిస్తుంది, ఒంటికి తెలిసే బాధ మాత్రం అక్కడే ఎక్కువ. హైదరాబాదులో ఎయిర్ కూలర్ చక్కగా పనిచేసి, విజయవాడలో జూన్ నెలలో అదే కూలర్ గదిని తడిపి ఊరుకోవడం కూడా ఇందువల్లే. కూలర్ తేమను చేర్చి గాలిని చల్లబరుస్తుంది, ఏసీ తేమను తీసేస్తుంది. కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లిన పాత ఇళ్లవాళ్లు చేసింది కూలర్ పనే. పొడి వేడిలో దానికి వంక పెట్టనక్కర్లేదు.

తేమను తీయడానికే తొలి ఏసీ పుట్టింది, మనుషుల సుఖానికి కాదు. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక అచ్చు కర్మాగారంలో తేమకు కాగితం సాగి, కుంచించుకుపోయి, ఒక రంగు మీద మరో రంగు సరిగా పడేది కాదు. ఆ తేమను అదుపు చేయమని విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరుకు పని అప్పగించారు. చల్లటి కాయిళ్ల మీదుగా గాలిని పంపే ఏర్పాటు ఆయన రూపొందించాడు. మన డ్రెయిన్ గొట్టంలో కారే నీళ్లకు అసలు చరిత్ర అది. ఆ గొట్టం వాలు సరిగా లేకపోయినా, ట్రేలో పాచి పట్టినా నీళ్లు గదిలోనే కారతాయి. 'ఏసీ లీకవుతోంది' అన్న ఫిర్యాదుల్లో ఎక్కువభాగం గ్యాసు లీకు కాదు, ఇదే.

కాయిల్ 10 డిగ్రీలకు ఎలా చల్లబడుతుందన్నది మొత్తం వ్యవహారానికి గుండెకాయ. సూత్రం కొత్తదేం కాదు. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి, ఆ వేడిని చుట్టుపక్కల నుంచే లాక్కుంటుంది. కుండలో నీళ్లు చల్లబడటం, స్పిరిట్ రాస్తే చెయ్యి చల్లగా ఉండటం అదే. 18వ శతాబ్దం మధ్యలో స్కాట్లండ్‌లో విలియం కలెన్ పీడనం తగ్గించి ఈథర్‌ను మరిగించి మంచు పుట్టించాడు. కానీ ఆ ఆవిరి పోతే పోయినట్టే. దాన్ని తిరిగి పట్టుకుని, నొక్కి, ద్రవంగా మార్చి, మళ్లీ వాడుకునే మూసిన చుట్టుకు 1834లో జేకబ్ పెర్కిన్స్ లండన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. మన గోడమీద ఉన్నది పెర్కిన్స్ చుట్టే. మధ్యలో ద్రవాలు మారాయి, లోహాలు మారాయి, ఎలక్ట్రానిక్స్ వచ్చి చేరాయి.

ఏసీలో 'గ్యాసు' అని పిలిచేది ఈ చుట్టులో సగం దారి ద్రవంగానే తిరుగుతుంది. ఇప్పుడు మన ఇళ్లకు వచ్చే ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32 మామూలు వాతావరణ పీడనంలో సున్నాకు 52 డిగ్రీల దిగువనే మరుగుతుంది. కిటుకంతా పీడనంలో ఉంది. దాన్ని వాతావరణ పీడనానికి సుమారు 11 రెట్ల దగ్గర ఉంచితే 10 డిగ్రీల్లో మరుగుతుంది. అదే ఇండోర్ కాయిల్. 31 రెట్ల దాకా నొక్కితే 50 డిగ్రీల్లో చెమర్చి ద్రవమవుతుంది. అదే అవుట్‌డోర్ కాయిల్. 27 డిగ్రీల గది 10 డిగ్రీల ద్రవాన్ని మరిగిస్తుంది, 50 డిగ్రీల ఆవిరిని 40 డిగ్రీల ఎండగాలి చల్లార్చి ద్రవం చేస్తుంది. మండుటెండను చల్లార్చే గాలిగా వాడుకోవడం ఈ యంత్రంలో నాకు ఎప్పటికీ పాతబడని విడ్డూరం.

ఇప్పుడు బయటికి వెళ్దాం. అవుట్‌డోర్ యూనిట్ రేకు విప్పడం ఇంటి యజమాని పని కాదు. మెయిన్ ఆపేసినా ఇన్వర్టర్ బోర్డు మీది కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా కాసేపు నిలిచే ఉంటుంది. మెకానిక్ విప్పినప్పుడు పక్కన నిలబడి చూడటం మేలు. మూడు పక్కలా చుట్టుకున్న కాయిల్, ముందు ఫ్యాను, మధ్యలో అడ్డుగోడ, ఆ గోడ అవతల నల్లటి ఇనుప డబ్బా. అదే కంప్రెసర్. దాని పక్కన అతుక్కుని ఇంకో చిన్న డబ్బా ఉంటుంది. ఇండోర్‌లో మరగకుండా మిగిలిన ద్రవం ఏదైనా వస్తే దాన్ని నిలిపి, ఆవిరిని మాత్రమే కంప్రెసర్‌లోకి పోనిస్తుంది. ఆవిరి నలుగుతుంది గాని ద్రవం నలగదు. ద్రవం లోపలికి వెళ్తే కంప్రెసర్ విరుగుతుంది.

కంప్రెసర్‌ను కోసి చూస్తే గుండ్రటి గదిలో, నడిమధ్యకు కాస్త పక్కగా బిగించిన రోలర్ తిరుగుతూ ఉంటుంది. దానికి ఎప్పుడూ ఆనుకుని ఒక పలక. ఒకపక్క ఆవిరిని పీలుస్తుంటే ఇంకోపక్క నొక్కి పంపుతుంది. మోటారు కూడా ఆ డబ్బాలోనే, నూనెతో, గ్యాసుతో కలిసే ఉంటుంది. అంతా వెల్డింగ్ చేసి మూసేస్తారు. ఆ మోటారును చల్లార్చేది దాని మీదుగా పోయే గ్యాసే. గ్యాసు తక్కువైన ఏసీని 'ఈ వేసవికి నడుస్తుందిలే' అని నడిపితే ముందు మాడేది కంప్రెసర్ కావడానికి కారణం ఇది.

కంప్రెసర్‌లోంచి బయటికొచ్చే గొట్టం ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆ వేడి ఆవిరి అవుట్‌డోర్ కాయిల్‌లో ద్రవమై, తర్వాత ఒక ఇరుకు దారిలో దూరుతుంది. పాత రకాల్లో అది బాగా సన్నటి రంధ్రంతో చుట్టలుగా చుట్టిన రాగి గొట్టం. ఇన్వర్టర్ రకాల్లో చాలావాటిలో బోర్డు చెప్పినట్టు తెరుచుకుని మూసుకునే వాల్వు. ఆ ఇరుకు దాటగానే పీడనం పడిపోయి, ద్రవంలో కొంత అక్కడికక్కడే మరిగి, మిగతాదాన్ని చల్లబరుస్తుంది. మళ్లీ ఇండోర్‌కి. కిలోకి అటూ ఇటూగా ఉండే ఆ కాస్త గ్యాసు నిమిషంలోపే ఒక చుట్టు తిరిగొస్తుంది.

ఇంత చూశాక 'గ్యాసు అయిపోయింది' అన్న మాటను నమ్మడం కష్టం. కారులో పెట్రోలు అయిపోతుంది, సిలిండర్‌లో వంటగ్యాసు అయిపోతుంది, కాలిపోతుంది కనుక. ఏసీలో ఏదీ కాలదు. మూసిన చుట్టులో వేసింది వేసినట్టే పదిహేనేళ్లయినా ఉండాలి. తగ్గిందంటే కారింది. కారిందంటే ఎక్కడో చిల్లుంది, పైపులు కలిపే ఫ్లేర్ నట్టు దగ్గరో, కాయిల్ మలుపులోనో. చిల్లు వెతకకుండా ప్రతి వేసవీ గ్యాసు పోయించుకోవడం మన ఊళ్లలో ఒక ఆచారమైపోయింది. అందులో తప్పంతా మెకానిక్‌దే అని నేననను. చిల్లు వెతకాలంటే నైట్రోజన్ నింపి, సబ్బు నురగ రాసి, ఓపిగ్గా చూడాలి. ఆ టైముకు డబ్బులివ్వమంటే మనం ఇవ్వం. గ్యాసుకైతే ఇస్తాం.

చల్లదనం తగ్గిన ప్రతిసారీ కారణం గ్యాసూ కాదు. ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే కాయిల్‌లో ద్రవాన్ని మరిగించే వేడి అందదు, కాయిల్ సున్నాకు దిగి ఐసు కడుతుంది, ఐసు మిగిలిన సందులనూ మూసేస్తుంది. గ్యాసు తక్కువైనా ఐసు కడుతుంది. అప్పుడది గ్యాసు లోపలికొచ్చే చోట మొదలై, మిగతా కాయిల్ వెచ్చగా ఉంటుంది. గాలి లోపమైతే ఐసు కాయిలంతా పరుచుకుంటుంది. మూత ఎత్తి చూస్తే ఎవరికైనా తెలిసే తేడా ఇది. ఇన్వర్టర్ ఏసీ దగ్గర మీటరు ఒక్కటే తగిలించి 'ప్రెషర్ తక్కువుంది సార్' అంటే అదీ సరిపోదు. కంప్రెసర్ వేగం మారినకొద్దీ ఆ ప్రెషర్ మారుతూనే ఉంటుంది. సరైన పద్ధతి, ఉన్నదంతా తీసి, వాక్యూమ్ పట్టి, పెట్టె మీది ప్లేటులో రాసిన గ్రాములను తూకం వేసి ఎక్కించడం.

ఇన్వర్టర్ మీద కూడా అపోహలు తక్కువేం లేవు. కరెంటు పోయినప్పుడు వాడుకునే ఇన్వర్టర్‌కూ దీనికీ చుట్టరికం లేదు. పాత రకం కంప్రెసర్ కరెంటుకు కట్టుబడి నిమిషానికి సుమారు 2,900 చుట్లు తిరుగుతుంది, లేదా ఆగిపోతుంది. మధ్యేమార్గం లేదు. ఇన్వర్టర్ బోర్డు వచ్చే కరెంటును ముందు డీసీగా మార్చి, మళ్లీ కావలసిన ఫ్రీక్వెన్సీలో మోటారుకు పంపుతుంది. గది వేడిగా ఉంటే పరుగు, చల్లబడ్డాక నడక. ఇళ్ల ఏసీల్లో ఇది 1980ల మొదట్లో జపాన్‌లో తోషిబాతో మొదలైంది. మనదగ్గర మాత్రం గత పదేళ్లలోనే విరివిగా వచ్చింది.

ఆపి వేయడం కన్నా మెల్లగా నడపడంలో ఆదా ఎక్కడిది? ప్రకటనలు దీన్ని ఎప్పుడూ సరిగా చెప్పవు. ఏసీ పని బావిలోంచి నీళ్లు తోడటం లాంటిది. ఎంత నీరు తోడుతున్నామన్నది ఒక లెక్క, ఎంత లోతునుంచి తోడుతున్నామన్నది ఇంకో లెక్క. ఇక్కడ లోతంటే రెండు కాయిళ్ల వేడి మధ్య తేడా. 10 నుంచి 50 డిగ్రీలకు, అంటే 40 డిగ్రీల లోతు. కంప్రెసర్ నెమ్మదిస్తే కాయిల్ సైజు మాత్రం తగ్గదు కదా. అంతే కాయిల్‌లో తక్కువ గ్యాసు తీరిగ్గా వేడి పుచ్చుకుంటుంది, తీరిగ్గా వదులుతుంది. ఇండోర్ కాయిల్ 10కి బదులు 14 దగ్గర, అవుట్‌డోర్ కాయిల్ 50కి బదులు 44 దగ్గర సరిపెట్టుకుంటాయి. బావి పూడుకొచ్చి నీళ్లు పైకి వచ్చినట్టే. అసలు ఆదా అక్కడిది. పగలంతా పూర్తి వేగంతో నడవాల్సిన గదిలో, అంటే గదికి ఏసీ చాలని చోట, ఇన్వర్టర్ వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

అదే లోతు లెక్క 24 డిగ్రీల వాదనను కూడా తేలుస్తుంది. 18లో పెడితే గది తొందరగా చల్లబడుతుందన్న నమ్మకం పాత ఏసీలకు అసలే వర్తించదు. 18 పెట్టినా 24 పెట్టినా ఆ కంప్రెసర్ వేగం ఒకటే, ఎక్కడ ఆగాలన్నదే మారుతుంది. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని ఇంధన సామర్థ్య మండలి, జనం నోట్లో బీఈఈ, చెబుతోంది. 2020 జనవరి 1 నుంచి ఏసీలన్నీ ఆన్ చేయగానే 24లో మొదలవ్వాలన్న నియమం తెచ్చింది కూడా వాళ్లే. 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ ఇంకో అడుగు వేసి, 20కి దిగువ, 28కి పైన పెట్టుకోవడానికి వీల్లేకుండా చేస్తామన్నారు. ఇంట్లో ఎన్ని డిగ్రీలుండాలో ఢిల్లీ చెప్పాలా అన్న చిరాకు సహజమే. కానీ భౌతికశాస్త్రం ఆ మాటకు పూర్తిగా మద్దతిస్తుంది. గది ఎంత చల్లగా ఉంచితే గోడల్లోంచి అంత వేడి లోపలికి దూరుతుంది, పైగా దాన్ని అంత లోతునుంచి తోడాలి. రెండు వైపులా నష్టం. 26లో పెట్టి సీలింగ్ ఫ్యాను మెల్లగా తిప్పుకుంటే దుప్పటి అవసరమే రాదు.

స్టార్ల లేబుల్ మీద రాసే యూనిట్లు ఏడాదికి 1,600 గంటల వాడకానికి, బయట 24 నుంచి 43 డిగ్రీల మధ్య పంచి వేసిన లెక్క. రోజుకు ఎనిమిది గంటల చొప్పున రెండు వందల రోజులన్నమాట. మీ వాడకం రెట్టింపైతే లేబుల్‌ను రెట్టింపు చేసి చదువుకోవాలి. ఇంకో సంగతి, స్టార్లు శాశ్వతం కావు. 2022 జులైలో కొలతలు బిగించినప్పుడు అంతవరకు 5 స్టార్ ఉన్న ఏసీ ఒక మెట్టు దిగింది. పాత స్టాకు చవగ్గా వస్తుంటే లేబుల్ మీది ఏడాది కూడా చూడటం మంచిది. నేనైతే స్టార్ల కన్నా పక్కన రాసే సామర్థ్యం అంకెనే చూస్తాను. అది బేరమాడదు.

ఇక టన్ను. ఇది బరువు లెక్కే, ఏసీ బరువు కాదు, ఐసు బరువు. యంత్రాలు రాకముందు అమెరికా చెరువుల్లో గడ్డకట్టిన ఐసును కోసి ఓడల్లో పంపేవారు. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లో కలకత్తాకు పంపాడు. మద్రాసు సముద్రపు ఒడ్డున 1842లో కట్టిన ఐస్‌హౌస్ ఆ వ్యాపారానిదే. 1897లో వివేకానందుడు బస చేసింది ఆ భవనంలోనే. ఐసు అమ్మిన ఆ కాలపు అలవాటు కొద్దీ, ఒక అమెరికన్ టన్ను, అంటే 907 కిలోల ఐసు 24 గంటల్లో కరగడానికి పీల్చుకునే వేడిని ఒక టన్ను శీతలీకరణ అన్నారు. గంటకు 12,000 బీటీయూలు, మన లెక్కలో 3.5 కిలోవాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు 57 కిలోల ఐసు కరిగినంత వేడిని తీసుకెళ్తుంది.

అయితే ఆ టన్ను కొలిచేది బయట 35 డిగ్రీలున్నప్పుడు. రెంటచింతలలోనో రామగుండంలోనో 45 దాటిన మధ్యాహ్నం బావి మరీ లోతవుతుంది, ఒకటిన్నర టన్నులు ఒకటిన్నర ఉండవు. 'అందుకే రెండు టన్నులది తీసుకోండి' అని షోరూములో అంటారు. దానికి ముందు అడగాల్సింది వేడి ఎటునుంచి వస్తోందని. పై అంతస్తు స్లాబు రోజంతా కాగి రాత్రి పదింటి దాకా గదిలోకి వేడి దించుతుంది. పడమటి గోడా అంతే. స్లాబుకు తెల్లటి సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేస్తే అరటన్ను కొనక్కర్లేకపోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ ఉద్దేశంతోనే. గదికి మించిన ఏసీ వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. పాత రకమైతే గాలి వేడిని ఐదు నిమిషాల్లో తగ్గించి ఆగిపోతుంది, తేమ తీసే వ్యవధి దొరకదు. గది చల్లగా ఉంటుంది, జిగురుజిగురుగానూ ఉంటుంది. కోస్తా జిల్లాల్లో ఇది బాగా తెలుస్తుంది.

గ్యాసుల చరిత్ర విచారకరమైన కథ. మొదట్లో వాడిన అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ కారితే ప్రాణాలు పోయేవి. 1930 ప్రాంతంలో థామస్ మిడ్జ్‌లీ బృందం విషం లేని, మండని ఫ్రియాన్‌ను తెచ్చింది. అంతకుముందు పెట్రోల్లో సీసం కలపడం కనిపెట్టింది కూడా ఆయనే. ఈ కుటుంబపు గ్యాసులు పైకి చేరి ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో మొలీనా, రోలండ్ చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. 1995లో ఆ ఇద్దరికీ, పాల్ క్రుట్జెన్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు. మన పాత విండో ఏసీల్లో ఉండే ఆర్-22 ఓజోన్‌కు కొంత తక్కువ హాని చేసేది, అదీ వెళ్లిపోతోంది. దాని స్థానంలో వచ్చిన ఆర్-410ఎ ఓజోన్‌ను ముట్టదు, కానీ భూతాపాన్ని పెంచడంలో కార్బన్ డయాక్సైడ్‌కు 2,088 రెట్లు. ఆర్-32 అయితే 675 రెట్లు. ప్రొపేన్, అంటే ఆర్-290, మూడు రెట్లే. కానీ వంటగ్యాసు లాగే భగ్గుమంటుంది. గోద్రెజ్ 2012లో మనదేశంలో ప్రొపేన్ ఏసీలు తెచ్చింది. మిగతా కంపెనీలు ఆర్-32 వైపే నడిచాయి. అదీ కాస్త మండేదే, అంత తేలిగ్గా కాదు. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలీ సవరణ కింద ఆర్-410ఎ, ఆర్-32 లాంటి గ్యాసులను మెట్లమెట్లుగా తగ్గించాలి. భారత్ 2021లో దాన్ని ఆమోదించింది, మన తగ్గింపు 2032లో మొదలై 2047కి 85 శాతానికి చేరాలి.

ఈ అంకెలు ఇంటి లెక్కలోకి తెస్తే ఎలా ఉంటుంది? 800 గ్రాముల ఆర్-32 గాలిలో కలిస్తే 540 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. యూనిట్‌కు 0.7 కిలోలు వదిలే మన గ్రిడ్ లెక్కన అది సుమారు 770 యూనిట్ల కరెంటు. 5 స్టార్ కొని ఏళ్ల తరబడి మిగిల్చింది ఒక్క వదులు ఫ్లేర్ నట్టు గాలికి వదిలేయగలదు. పర్యావరణం పేరుతో జరిగే చర్చంతా కొత్త ఏసీ ఏది కొనాలన్నదాని చుట్టూ తిరుగుతుంది. బిగించేవాడి చేతిపని గురించి ఎవరూ మాట్లాడరు.

దారి చివరికి వచ్చాం. గదిలోంచి 5.2 కిలోవాట్ల వేడి తీసుకుని, ఒకటిన్నర కిలోవాట్ల కరెంటు తాగి, అవుట్‌డోర్ ఫ్యాను 6.7 కిలోవాట్లు వీధిలోకి చిమ్ముతోంది. ఒక ఏసీకి వీధి చలించదు. వందలుంటే చలిస్తుంది. అమెరికాలోని ఫీనిక్స్ నగరం మీద 2014లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్కవేసి, ఏసీల వేడి వల్ల కొన్నిచోట్ల రాత్రి వేడి ఒక డిగ్రీకి మించి పెరుగుతోందని తేల్చారు. 2019 నాటి జాతీయ శీతలీకరణ ప్రణాళిక ప్రకారం మనదేశంలో ఏసీ ఉన్న ఇళ్లు అప్పటికి 8 శాతమే. శ్రీసిటీలో డైకిన్, బ్లూ స్టార్, లాయిడ్ కర్మాగారాలు పెట్టాయి, 2025 మేలో ఎల్‌జీ శంకుస్థాపన చేసింది. మిగతా 92 శాతం వైపు వాళ్ల చూపు ఉండటం సహజం. ఆ 92 శాతంలో చాలామంది ఏసీ ఉన్నవాళ్ల అవుట్‌డోర్ గాలి తగిలే కిటికీల వెనక పడుకుంటున్నారన్నది ప్రణాళికల్లో కనిపించదు.

మన కొత్త అపార్ట్‌మెంట్లలో ఇంకో వింత. ముందువైపు అందం చెడకూడదని అవుట్‌డోర్లన్నీ వెనక ఇరుకు డక్టులోకి, ఒకదానిమీద ఒకటి తోసేస్తున్నారు. కింది ఫ్లాటు వదిలిన వేడిగాలిని పై ఫ్లాటు పీలుస్తుంది, అది వదిలింది ఆ పైది. బయట 40 ఉంటే పైఅంతస్తు అవుట్‌డోర్ 50కి దగ్గరి గాలిలో పనిచేయాల్సి వస్తుంది. వాళ్లు ఎన్ని స్టార్లు కొన్నా అంతే. పైగా ఆ డక్టులో మెకానిక్ కాలు మోపే చోటుండదు, నడుముకు తాడు కట్టుకుని వేలాడాలి. అక్కడ వాక్యూమ్ పంపు ఆనించి అరగంట ఆగమంటే ఎవరాగుతారు? పైపుల్లోని గాలినీ తేమనూ పంపుతో లాగకుండా, కాస్త గ్యాసు వదిలి ఊదేసి బిగిస్తారు. మిగిలిన తేమ నూనెతో కలిసి ఆమ్లమై, రెండు మూడేళ్లకు కంప్రెసర్ మోటారు తీగల పూత తింటుంది. అప్పుడు కంపెనీ మంచిది కాదంటారు. కొత్త ఏసీ బిగించే రోజున వాక్యూమ్ పంపు తెచ్చారా అని అడగండి. తెస్తే అది నడిచినంతసేపూ కుర్చీ వేసి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఆ అరగంటకు కూడా డబ్బులివ్వండి.